బండి ముందు గింజలు

వాన వెలిశాక వచ్చిందామె,
బస్సు డ్రైవరు చొక్కా, చంకలో ఖాళీ టీ సీసా.
కౌంటరు దగ్గర ఇద్దరు మగవాళ్ళు
తమ మోకాళ్ళ నొప్పిని వీధి వీధంతా వినేలా చెప్పుకుంటున్నారు.
వాళ్ళు కదిలేదాకా
ఎండు రేగుపళ్ళ ధర అడుగుతూ నిలబడింది.
కొనలేదు.

మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళు
దగ్గును దగ్గులాగే చెబుతారు.
ఈ మంటను మాత్రం
గల్లాపెట్టె మీదికి వంగి చెబుతారు.
పొట్లాలు కట్టే కుర్రపిల్లను నేను ఉన్నానని
ఆ గొంతు ఇంకాస్త కుంగుతుంది.

పూ డాక్టరమ్మ మూడు వేళ్ళతో నాడి పట్టింది.
నాలుక చాపమంది: అంచులు ఎరుపు, మీద పసుపుపచ్చ పూత.
జ్వరముందా, నడుం వెనక పోటుందా, నెత్తురు కనపడిందా?
అదే ప్రశ్న మూడు రకాలుగా తిప్పి తిప్పి అడిగింది.
ఒక్కదానికి అవునన్నా ఇక్కడ మందుండదు,
వంతెన అవతలి పెద్దాసుపత్రికి నడవాల్సిందే.
నిరుడు ఒక దర్జీ ఆవిణ్ణి
తడి గొడుగు కూడా మూయకుండా తనే తీసుకెళ్ళింది,
తాళంచెవులు నా మీదికి విసిరేసి.

లేదు, అంది టాన్ యుయెలన్. లేదు. లేదు.

"ఎన్ని గంటలు బిగబట్టుకుంటావు?"

దీనికి మాత్రం తడుముకుంది.
చుంగ్‌చింగ్ కొండల మీద మెలికలు తిరిగే రూటు,
చివరి స్టాపులో గది ఉందట, తాళం డిపోలో ఉందట.
"ఆరు. ఒక్కోరోజు ఏడు.
అందుకే నీళ్ళు మానేశాను.
తాగితేనే కదా వచ్చేది."
తన తెలివికి తనే కాస్త నవ్వింది.
డాక్టరమ్మ నవ్వలేదు.

చీటీ నా చేతికొచ్చింది. అరలు లాగాను.
దీపపు వత్తుల గడ్డి:
తక్కెడలో వేస్తే తక్కెడకే తెలియనంత తేలిక.
పసుపు ఇసకలాంటి ఫెర్న్ పుప్పొడి,
వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, తుమ్మానా, సగం గాలికే.
అతిమధురం కొసలు. నునుపు రాతి పొడి.
చివరికి ఆ గింజలు, నల్లావాల కన్నా చిన్నవి.

"వీటిని గుడ్డలో మూటగట్టి మరిగించు,
లేకపోతే కషాయం జావైపోతుంది" అన్నాను.
కొట్టులో నేను గట్టిగా చెప్పగలిగే మాట అదొక్కటే.

"పేరేంటి?"
"బండి ముందు."

చక్రాలు తొక్కిన గాడిలోనే మొలుస్తుంది,
తొక్కిన చోటే ఆకులు పరుచుకుని
మళ్ళీ వెన్నులు లేపుతుంది.
ఆమె గింజల్ని అరచేతిలో పోయించుకుని
చాలాసేపు చూసింది,
తన టైర్ల కింద ఎన్ని పోయాయో
లెక్క అప్పజెబుతున్నట్టు.

అప్పుడు పూ డాక్టరమ్మ ఇంకో చీటీ రాసింది.
డిపో మేనేజరు గారికి:
మూడు గంటలకోసారి బండి ఆపాలి.
గది తాళం బస్సులో ఉండాలి.
కింద ఎర్ర ముద్ర, రెండుసార్లు వేసింది,
మొదటిది సరిగా పడలేదని.
"ఈ మందు మా అరల్లో లేదు" అంది.
"మూడో రోజుకి తగ్గకపోతే
పరీక్ష చేయించుకో. నా మీద మొహమాటం వద్దు."

తగ్గింది.
కషాయానికా, నాలుగోరోజు ఆసుపత్రివాళ్ళిచ్చిన మాత్రలకా,
ఆ తాళంచెవికా,
మా డాక్టరమ్మ కూడా పందెం కాయదు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం ఆమె బస్సే ఎక్కాను.
నన్ను గుర్తుపట్టలేదు.
కొండ మలుపులో పక్కకి తీసి ఆపింది,
లైట్లు రెండూ ఆర్పుతూ వెలిగేలా పెట్టి
దిగి గబగబా నడిచింది.
బస్సంతా గొణుగుడు.
కూరగాయల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన
"ఎక్కడికట ఈ డ్రైవరు, ఇంత దర్జాగా?" అన్నాడు.

వెనక సీటు దాకా వినపడేలా
"ఒంటికి" అన్నాను.